నడిమి వరుస

ఇంకా చప్పుడు రాలేదు. చివరి నూలు బేలును దూలం మీదికి ఎక్కించి అందరూ వెనక్కి జరిగాక, ఇంజనీరు రామచంద్రం గారు చేతి గడియారం చూసుకుని "ఒక గంట ఇలాగే వదిలేద్దామండీ, ఎవరూ దగ్గరికి పోవద్దు" అన్నారు. అప్పటినుంచి నా ఒళ్లంతా రెండు చెవులే అయిపోయింది. చూడడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు ఇటుక దిమ్మెల మీద, మనిషి ఛాతీ ఎత్తున, దూలం పడుకుని ఉంది. దాని మీద మా నేతగాళ్ల సొసైటీ నూలు బేళ్లన్నీ ఉన్నాయి. దాని కింద ఇటు గుంజ నుంచి అటు గుంజకు లాగి కట్టిన దారం ఉంది. బరువు పడగానే దూలం కొంచెం దిగి దారానికి దగ్గరైంది. గంట తర్వాత బేళ్లు దించితే మళ్లీ తన ఎత్తుకు తాను లేవాలి. లేస్తే ఇలాంటివే మరికొన్ని చేసి ఇక్కడ సిరిసిల్లలో సొసైటీ షెడ్డుకు కప్పు వేస్తారు. లేవకపోతే ఇనుము కోసం ఎదురుచూడాలి. ఇనుము ఎప్పుడొస్తుందో హైదరాబాదులో కూడా ఎవరికీ తెలియదు. అప్పటిదాకా మా వాళ్లు ప్రతి వానాకాలం మగ్గం గుంటల్లోంచి నీళ్లు తోడుకుంటూనే ఉండాలి. ఇది ఒక్క మాను నుంచి కోసిన దూలం కాదు. అంగుళం మందం టేకు పలకలను ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికి, అదిమిపట్టే శికంజాలు బిగించి, ఆరబెట్టి చేసింది. పలకలను ఏరింది నేను. ఏ పలక ఏ వరుసలో ఉండాలో చెప్పింది నేను. ఆ వరుసల్లో ఒకదానిలో మా అవ్వ, నన్ను కన్నతల్లి, మగ్గం ముందు కూర్చుని నేసిన పలక ఉంది.

కర్ర చెప్పకుండా విరగదు, అదొక్కటే ధైర్యం, అదే భయం కూడా. మంచిర్యాల కోత మిల్లులో చేరిన కొత్తల్లో నస్పూరు బొగ్గు గనుల్లో కప్పుకు ఊతంగా నిలబెట్టే కర్రలను నేనే ఏరి పంపేవాణ్ణి. లోపల పనిచేసే గంగయ్య ఒకసారి మిల్లుకు వచ్చి, ఇనుప ఊతం వద్దు సార్, అదైతే సప్పుడు చెయ్యకుంట వంగుతది, కర్రైతే ముందుగాల లొల్లి వెడతది, గప్పుడు ఇరుగుతది, మా అవ్వ లెక్క, అన్నాడు. నవ్వాను. ఆ మాట ఎందుకు గుర్తుండిపోయిందో అప్పుడు తెలియలేదు. వాళ్ల అవ్వ సంగతేమో గానీ, మా అవ్వ లొల్లి పెట్టే మనిషి కాదు. ఆమె ఛాతీలో పిల్లికూతలు వచ్చేవి, మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడులో కలిసిపోయేవి. మగ్గం ఆగాకే మాకు వినబడ్డాయి. అందుకే ఇప్పుడు కూడా ఏ చప్పుడూ లేకపోవడం నాకు నిమ్మళం ఇవ్వడం లేదు. ఎండ ఇటుకల మీద పడి తిరిగి ముఖానికి కొడుతోంది. ఎవరి ఇంట్లోనో మగ్గం ఆడుతోంది, టక్కు టక్కు, టక్కు టక్కు. దాన్ని పక్కకు నెట్టి దాని కింద ఇంకేదైనా ఉందా అని వింటున్నాను.

వినబడింది అంబదాసు గొంతు. మా ఇంటి పక్క మగ్గం అతనిది, నా చిన్నప్పటినుంచి ఆ నోటికి తాళం లేదు. "పర్శా, నిజం చెప్పు, గా జిగురుల ఏం కలిపిన్రు?" "పాలవిరుగుడు ఎండబెట్టిన పొడి, సున్నం" అన్నాను నేను. "అంటే పెరుగు మీద కప్పు నిలవెడుతున్నరన్నట్టు. ఎండకాలం పులుస్తదేమో చూడుండ్రి!" సొసైటీ వాళ్లంతా నవ్వారు. రామచంద్రం గారు కూడా నవ్వి "పులవదండీ, రాయి అవుతుంది" అన్నారు. నవ్వని మనిషి ఒక్కరే. అవతల ఇటుకల కుప్ప మీద, గొడుగు వేసుకుని, మా బాపు రాయమల్లు. ఆయన కూర్చున్న తీరులోనే ఉంది అంతా. భుజం నా వైపు, ముఖం దూలం వైపు. అవ్వ పలకకు నేను రంద పట్టి చిత్రిక తీసిన రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. చెప్పాల్సింది ఉంటే నా భార్య అనసూర్యకు చెబుతాడు, నేను ఆ గదిలోనే ఉన్నా సరే. "బిడ్డా, మీ ఆయనను బువ్వకు రమ్మను." "బిడ్డా, మీ ఆయన చెప్పులు వానల తడుస్తున్నయి." అలిగినవాడికి నా చెప్పులు ఎందుకో. మనిషి మాట మానేసినా కనిపెట్టుకోవడం మానలేడు కాబోలు. ఆ చెప్పుల మాట విన్న పొద్దున నేను గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను. ఆ తర్వాత పోయి చెప్పులను చూరు కిందికి జరిపాను.

నా పని చిన్నదే. రంపం కింద నుంచి వచ్చిన పలకలు నా ముందు నుంచి పోతాయి. చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత అని చూస్తాను. నార ఎటు పోతోందో చూస్తాను. పలక పొడుగునా సూటిగా సాగితే మంచిది, వాలుగా అంచు దాటి పోతే అక్కడే చీలుతుంది. నేతగాడి కొడుకును కాబట్టి నాకు నార అంటే పడుగే, తెగిన పోగును వేలు తనంతట తానే పట్టుకుంటుంది. ఆ తర్వాత ముడులు. కొమ్మ పుట్టిన చోట మాను తన నారను తప్పించి దారి ఇస్తుంది, ఆ దారి ఇచ్చిన చోటు తర్వాత ముడి అవుతుంది. చివరికి వేలి కణుపుతో కొట్టి విని, సుద్దతో ఒక గీతో రెండో మూడో గీస్తాను. ఒక గీత పలకలు దూలానికి అట్టడుగునా, అన్నిటికన్నా పైనా. బరువు పడితే అడుగు పలక సాగుతుంది, పై పలక నలుగుతుంది, అక్కడ లోపం ఉండకూడదు. మూడు గీతలవి నడుమకు. నడిమి వరుస సాగదు, నలగదు, ఉన్నచోట ఉంటుంది. ఇన్నేళ్లు ఇదే చేసి చేసి మనుషుల్లోనూ ముందు ముడినే వెతుకుతున్నానేమో అని నా మీద నాకు అనుమానం. పెళ్లి చూపులలో అనసూర్య ఎడమ కనుబొమ మీది గాటు ముందు కనబడింది, మనిషి తర్వాత కనబడింది. ఇప్పుడు ఆ గాటు లేని ముఖాన్ని ఊహించుకుందామంటే అది ఎవరిదో ముఖం. నేను ఎరగని మనిషి.

అవ్వ పలకకు ముడి ఉందని నాకు సుద్ద పట్టకముందే తెలుసు. నడక రాని రోజుల్లో అవ్వ నన్ను మగ్గం గుంటలో తన కాళ్ల పక్కన దించుకుని నేసేదట. అది ఎవరో చెప్పిన కథో, నాకే గుర్తున్నదో, ఇప్పుడు విడదీయలేను. కానీ ఆ చీకటి మాత్రం నాదే. తడి మట్టి వాసన, గంజి వాసన, తొక్కుడు కర్రల మీద ఎక్కి దిగే రెండు పాదాలు, ఒక కాలి వెండి కడియం రెండో కాలి మట్టెకు తగిలి చేసే చిన్న చప్పుడు. తల మీద పలక. పలక అడుగున గుండ్రని నల్లటి ముడి, దాన్ని వేలితో తడిమేవాణ్ణి. అది ఒక కన్ను అనుకునేవాణ్ణి, అవ్వకు కిందివైపు కూడా ఒక కన్ను ఉంది, నన్ను చూడడానికి. పైవైపు ఆ ముడి ఆమెను గుచ్చేది. అందుకే పొద్దున కూర్చోబోయే ముందు పాత బట్టను నాలుగు మడతలు పెట్టి అక్కడ వేసుకునేది. పెద్దయ్యాక అడిగాను, వేరే పలక చేయించుకోరాదా అవ్వా అని. "ఎందుకురా, గిది నాకు అలవాటయింది, నేను దానికి అలవాటయిన" అంది. ఆ ఏడాది వానల్లో గుంటలో నీళ్లు ఊరితే మోకాళ్ల దాకా తడిసి నేసింది. పోయినేడు పోయింది.

షెడ్డులో మగ్గాలన్నీ నేల మీదే నిలబెడతారు, గుంటలు ఉండవు. మా మగ్గాన్ని విప్పుతుంటే దాని కర్రలన్నిటికీ కొత్త మగ్గంలో చోటు ఉంటుందని తేలింది, ఆ పలకకు తప్ప. బాపు దాన్ని భుజాన వేసుకుని సొసైటీ స్థలానికి మోసుకొచ్చాడు. "గీ దూలంల పెట్టు. దాని నీడల కూసుంట." నేను మంచిర్యాల నుంచి లారీలో తెచ్చిన పలకల పక్కన దాన్ని పెట్టి, అలవాటుగా, ఇంకేమీ ఆలోచించకుండా, సుద్దతో మూడు గీతలు గీశాను. నా చెయ్యి గీసింది. మనసు అప్పటికి ఇంకా గుంటలోనే ఉంది. బాపుకు ఆ గీతల సంగతి అంబదాసు చెప్పి ఉంటాడు. "ఏందిరా గిది? మీ అవ్వ మూడో నంబరా?" "మనిషికి కాదు బాపూ, చెక్కకు. ముడి ఉన్నది." "నేను పిలగాడిగ ఉన్నప్పటి సంది ఉన్న పలక. ఇరిగిందా? పలిగిందా?" "ముడి ఉన్న పలకను అడుగుకు పెట్టద్దు బాపూ, చీలుతది. నడుమల పెడత." "నడుమల పెడితె ఎవలకు కనవడుతది? ముడి ఉన్నదని మీ అవ్వకు తెల్వదా? బట్ట ఏసుకొని కూసున్నది గాని, ముడి ఉన్నదని దాన్ని అవుతల పారేసిందా?"   రామచంద్రం గారి దగ్గర లెక్క ఉంది, ఆయన ఎంతో ఓపికగా చెప్పారు కూడా, నడుమ పలక మీద భారం దాదాపు ఉండదు పెద్దాయనా అని. భారం ఉండదన్న మాట బాపుకు ఇంకా చేదయింది. ఆమె చేతికి పని లేకుండా కూర్చున్న రోజు ఆయన ఎరగడు మరి.

ఆ తర్వాత నూనె. తలుచుకుంటే కోపం రావాలి, రాదు. జిగురు వేసే ముందు పొద్దున పలకలన్నిటి మీదా అరచెయ్యి వేసి చూసుకుంటూ వస్తున్నాను, అవ్వ పలక దగ్గర చెయ్యి జారింది. నల్లగా మెరుస్తోంది, నువ్వుల నూనె వాసన. బాపు పక్కనే నిలబడి ఉన్నాడు, అప్పటికి నాతో మాట్లాడుతున్నాడు, ముఖంలో పని చక్కబెట్టిన సంతోషం. "నిన్న పొద్దంత పట్టించిన. గంజిల జరంత నూనె కలపకుంటె పోగు పెళుసయితది గద. మీ జిగురు సుత గంజే గద. మంచిగ పట్టుకుంటది." నేతగాడు కాకపోతే ఎవడికీ ఆ తప్పు చేతకాదు. జన్మంతా గంజి కాచి, వేళ్లతో చిక్కదనం చూసి, నూనె చుక్కలు వేసిన మనిషి, కొత్త పనికి తన దగ్గరున్న మేలైన తెలివినంతా తెచ్చి పోశాడు. నూనె అంటిన చెక్కను జిగురు పట్టుకోదు. ఎలాగూ రంద పట్టాల్సిందే, టేకులోనే నూనె గుణం ఉంటుంది, అప్పటికప్పుడు చెక్కిన ముఖమే జిగురును పట్టుకుంటుంది. అయినా మిగతావాటి లెక్కన కాకుండా పైపైన గీకి, ఆమె కూర్చున్న నునుపు కొంచెమైనా మిగులుద్దామని నా లోపల అనుకుని ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు. నూనె లోపలికి ఇంకింది. ఆ కొంచెమూ కుదరలేదు.

లోతుగా చెక్కక తప్పదని బాపుకు చెప్పాను.  పలకను బల్ల మీద పెట్టి రంద తోశాను. మొదటి పొర నల్లగా, బెల్లం పాకంలా చుట్టుకుని వచ్చింది. రెండోది గోధుమ రంగు. మూడో పొర కింద చెక్క బంగారు రంగులో బయటపడింది, నిన్న నరికిన మాను లాగా, పచ్చి టేకు వాసన గుప్పున కొట్టింది. ఇన్నేళ్లు చెమటా గంజీ తాగిన పలక లోపల అడవి అలాగే ఉంది. ఆ వాసనకు నా ముఖం విచ్చుకుని ఉంటుంది. బాధపడాల్సిన చోట చేతులు సంతోషపడ్డాయి, పని తెలిసిన చేతులు అంత సిగ్గులేనివి. తలెత్తితే బాపు రందను చూడడం లేదు, నా ముఖాన్నే చూస్తున్నాడు. ఆయన మాట మానేసింది అక్కడే అని నా నమ్మకం. వంగి, నేల మీద పడ్డ చెక్క పొరలన్నీ కండువాలోకి ఏరుకుని, మూట కట్టుకుని, ఇంటికి నడిచిపోయాడు.

"ఏం సోంచాయిస్తున్నవు?" నా ఆలోచన తెగేలా అడిగింది అనసూర్య. జొన్న గట్క గిన్నె నా ముందు పెట్టి, కొంగుతో ఈగలు తోలుతోంది. తినబుద్ధి కావడం లేదన్నాను. "మామ సుత గట్లనే అన్నడు. తండ్రీ కొడుకులకు మాటలు లేవు గని ఉపాసాలు ఒక్కటే." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఒకటి చెప్త, నేను చెప్పిన్నని మామతోని అనకు. గా చెక్క పొరలు అత్త మెత్తలకు కుక్కిండు." అవ్వకు తెగిన పోగును పారేసే అలవాటు లేదు. ముక్కలన్నీ ఒక సంచిలో వేసి, నిండాక తల కిందికి మెత్త కుట్టేది. మా ఇంట్లో తలలన్నీ ఆ తెగిన పోగుల మీదే పడుకున్నాయి. ఆ మెత్తల్లో చివరిదాన్ని ఆమె సగమే నింపింది. "మిగిలిన సగం గా పొరలతోని నింపి కుట్టిండు. నేను కుడత మామా అంటె ఇయ్యలే. పొద్దుగాల లేస్తె చెంపకు గీతలు వడుతున్నయి." నేను బాపు వైపు చూశాను. గొడుగు నీడలో చెంప కనబడలేదు. ఎందుకో ఆ గీతలు చూడాలని ప్రాణం కొట్టుకుంది.

అప్పుడు వచ్చింది చప్పుడు. టప్పుమని, పొడిగా, ఒక్కసారి. మాటలు ఆగిపోయాయి. ఎవరింట్లోనో ఆడుతున్న మగ్గం కూడా ఆగినట్టనిపించింది.  నడుమ వరుసా? అతుకా? నూనె ఎక్కడైనా మిగిలిందా? చెయ్యి ఎక్కడ పొరబడింది? ఇవన్నీ ఒకేసారి, మాటలుగా కాకుండా, ఒక వేడిగా లేచాయి. ఆ వేడిలోంచి చూస్తే గొడుగు నేల మీద దొర్లుతోంది, బాపు దూలం దగ్గర ఉన్నాడు. రెండు అరచేతులూ దూలం పక్కకు ఆనించి నిలబడ్డాడు, పడబోయే మనిషిని పట్టుకున్నట్టు. "పెద్దాయనా, ఇవతలికి రండి!" రామచంద్రం గారు అరిచారు. అంబదాసు నోరు మొదటిసారి మూతపడింది. నేను ఎలా వెళ్లానో తెలియదు, బాపు పక్కన నా చేతులు కూడా చెక్కకు ఆనాయి. మీద అన్ని బేళ్లు. విరిగితే నాలుగు చేతులు ఏం ఆపుతాయి? బాపు నా వైపు తిరగలేదు. "బిడ్డా, అనసూర్యా! మీ ఆయనను అవుతలికి పొమ్మను. పిల్లలు గలోడు." "అనసూర్యా, ముందు బాపును పొమ్మను." అనసూర్య చేతిలో గిన్నెతో దూరంగా నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఇవుతలికి రాండ్రి! లేకుంటె నేను సుత అండ్లకే వస్త!"

మేం కదలలేదు. నేను చెవిని చెక్కకు ఆనించాను. మూలుగు లేదు. నార తెగే చిటపట లేదు. లోపల అంతా నిండుగా, నిశ్శబ్దంగా, నిద్రపోతున్న మనిషి వీపుకు చెవి పెట్టినట్టు ఉంది. పిల్లికూతలు లేని వీపు. రామచంద్రం గారు వంగి దారం చూశారు, చివరల దగ్గర చూశారు, నిటారుగా లేచి నుదురు తుడుచుకున్నారు. "దూలం కాదండీ. దిమ్మె మీద పెట్టిన చెక్క ముక్క సర్దుకుంది, అంతే. దారం దగ్గర ఏ తేడా లేదు. మీరిద్దరూ దయచేసి బయటికి రండి, నాకు గుండె ఆగేట్టుంది." అంబదాసుకు గొంతు తిరిగొచ్చింది. "ఏం ఫికర్ లేదు సార్, ఇనుము రాకుంటె గీ తండ్రీ కొడుకులనే గుంజల లెక్క పాతుదాం!" నవ్వులు. బాపు చేతులు తీయలేదు. నేను తీయలేదు. ఆయన బొటనవేలి పక్కన నా బొటనవేలు, రెండూ ఒకే తీరుగా బయటికి వంగి ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

గంట అయింది. బేళ్లు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. ఒక్కో బేలుకు దూలం ఊపిరి పీల్చుకున్నట్టు కొంచెం కొంచెం పైకి వస్తోంది, చేతులకు తెలుస్తోంది. చివరిది దిగాక రామచంద్రం గారు కొలకర్ర పెట్టి దారానికీ దూలానికీ మధ్య చోటు కొలిచారు. మళ్లీ కొలిచారు. "లేచిందండీ, పూర్తిగా లేచింది" అన్నారు. అందరూ దారం చుట్టూ మూగారు, అది వాళ్లకు అర్థమయ్యేదే. బాపు మాత్రం అటు చూడలేదు. "బిడ్డా, ఏ వరుసల ఉన్నదో అడుగు." అనసూర్య అడగకముందే నేను ఆయన చెయ్యి పట్టుకుని దూలం అట్టడుగు వరుస దగ్గరికి దించాను. చెయ్యి గుంజుకోలేదు. వరుసల మధ్య జిగురు సన్నగా, తెల్ల పోగుల్లా కనబడుతోంది. కింది నుంచి వరుస వరుసా దాటించి నడిమి వరుస దగ్గర వదిలేశాను. అక్కడినుంచి ఆయన వేలు తనంతట తానే నడిచింది. పక్క పలకతో కలిసిన అతుకు దాటింది. ఒకచోట ఆగింది. ముడి అంచు దాకా ఉండడంవల్ల అక్కడ ఒక నల్లటి చుక్క పక్కకు బయటపడి ఉంది, నేను కూడా చూసుకోలేదు. బాపు దాని చుట్టూ వేలితో తడిమాడు. పైన అన్ని వరుసలు, కింద అన్ని వరుసలు. ఆయన చెంప మీద సన్నని గీతలు నిజంగానే ఉన్నాయి.

భుజం మీది కండువా తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు. ఆ మడతను చుక్క మీద ఆనించి, నలగకుండా అరచేత్తో ఒకసారి అదిమి, మళ్లీ తీసి భుజాన వేసుకున్నాడు. గొడుగు ఏరుకున్నాడు. నేను అడుగు దూరంలో ఉన్నాను, అనసూర్య నా వెనక ఉంది.

"బిడ్డా, మీ ఆయనకు చెప్పు. మీ అత్తను మంచిగనే కూసుండవెట్టిండని."

అనసూర్య నా ముందుకు వచ్చి నిలబడి, ఒక్క మాట కూడా తగ్గించకుండా, నాకు చెప్పింది.